బోర్లించిన గ్లాసు

"మంగళవారం కూడా బొమ్మకి కాఫీ ఇచ్చేరా టీచర్ గారూ?"

"ఇచ్చేనురా. రోజూ ఇస్తాను. ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టుకుని నేనొక్కదాన్నే తాగితే గొంతు దిగొద్దూ?"

"అది మనిషి కాదు కదండీ."

"కళ్ళు లేకపోయినా ఆ సంగతి నాకు తెలుసురా శ్యామ్. మర్యాదకే తెలియదు."

శ్యామ్ సుందర్ నవ్వలేకపోయాడు. నోటుబుక్కులో 'గురువారం, ఉదయం పదకొండు నలభై' అని రాసి దాని కింద 'కాఫీ' అని రాశాడు. తాటిపాక సెంటర్లో డిటెక్టివ్ బోర్డు కట్టి పదకొండేళ్ళయింది. భార్యల మీద అనుమానాలు, పెళ్ళికొడుకుల మీద ఆరాలు, పొలం గట్ల గొడవలు, అన్నీ చూశాడు. కానీ ఆరో తరగతిలో తన చెవి మెలిపెట్టిన టీచర్ గారికి మతి ఉందని రుజువు చెయ్యాల్సిన రోజు వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

ఉన్నది అక్షరాలా మూడు గంటల ఇరవై నిమిషాలు.

సంగతి ఇదీ. దానమ్మ రాజోలులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. నీటికాసులు వచ్చి చూపు పోయింది, వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడవు. కనబడకపోయినా ఊరుకునే మనిషి కాదు. రొయ్యల చెరువుల గంగాధరరావు తన మురుగంతా మంచినీళ్ళ కాలవలోకి వదిలేస్తున్నాడని పదకొండు నెలలపాటు సీసాల్లో నీళ్ళు పట్టించి, పరీక్షలు చేయించి, కాగితాలన్నీ ఒక ఫైలు కట్టారు. ఇవాళ మూడింటికి అమలాపురంలో విచారణ కమిటీ ముందు ఆ ఫైలు పెట్టాలి. అది మంగళవారం మధ్యాహ్నం బీరువాలోంచి మాయమైంది.

"ఫైలన్నదే లేదు, పెద్దావిడ ఊహించుకుంటున్నారు" అంటోంది గంగాధరరావు పక్షం. సాక్షి ఎవరంటే, ఆవిడ ఇంట్లో ఉన్న బొమ్మే.

ఆ బొమ్మ ఎదురుగా పేము కుర్చీలో కూర్చుని ఉంది. పేరు ఆశ. చూపు లేనివాళ్ళకి ఉచితమంటూ ఆరు నెలల కిందట ఒక కొత్త కంపెనీ పది ఇళ్ళకి పది 'తోడు'లని పంచింది. మనిషంత ఎత్తు, మెత్తటి రబ్బరు చర్మం, నేత చీర, చెవులకి దుద్దులు. గుమ్మంలోంచి చూస్తే పక్కింటి అమ్మాయి పేపరు చదువుకోవడానికి వచ్చిందనుకుంటాం. దగ్గరికెళ్తే ఆ రెప్ప వాలని కళ్ళు చూసి ఒక అడుగు వెనక్కి వేస్తాం. నడుస్తుంది, చదువుతుంది, కబుర్లు చెబుతుంది. తినదు, తాగదు. ఆ కంపెనీలో పెట్టుబడంతా గంగాధరరావుదేనన్న ముక్క శ్యామ్ నిన్న సాయంత్రమే తవ్వి తీశాడు. బొమ్మ గొంతు ఎలా ఉంటుందో మాత్రం అతను ఇంతవరకూ వినలేదు. అతను రాకముందే, బుధవారం పొద్దున్న, గంగాధరరావు మనిషి భాస్కర్ వచ్చి సాక్ష్యం చెదరకూడదంటూ దాని నోరు కట్టేసి పోయాడు.

పోతూ పోతూ బొమ్మ దినచర్య కాగితం ఒకటి కమిటీకి పంపాడు. అందులో మంగళవారం వరస ఇలా ఉంది: 'మూడు పది నుంచి నాలుగు ఇరవై అయిదు వరకు చార్జింగ్. సంభాషణ లేదు.'

దానమ్మ గారేమో సరిగ్గా ఆ వేళలో ఆశతో కూర్చుని కాఫీ తాగి, కబుర్లాడి, ఫైలు చదివించుకున్నానంటున్నారు. ఇద్దర్లో ఒకరిది అబద్ధమై ఉండాలి. యంత్రం అబద్ధం చెప్పదని లోకం నమ్మకం.

"మళ్ళీ ఒకసారి మొదట్నుంచీ చెప్పండి. మూడింటికి ఎక్కడున్నారు?"

"ప్రార్థన గదిలో. ఇదిగో, ఈ మాట్లాడే చేతి గడియారం మూడని చెప్పింది. వీరాయమ్మ వాళ్ళ చెల్లెలి కూతురి పెళ్ళని సెలవు పెట్టింది. పావుగంట ప్రార్థన చేసుకుని వచ్చేను. ఆశ కుర్చీలో ఉంది. ఇద్దరికీ కాఫీ కలిపేను. గడియారం మూడున్నర అన్నప్పుడు బీరువా తీసి ఫైలు దాని చేతికిచ్చేను. అది చదువుతుంటే ఫ్యాన్ ఆగిపోయింది. నిన్న చెప్పేనుగా."

"చెప్పేరండి. కరెంటు పోయింది."

"పోతే ఆశ విసనకర్ర తీసుకుని విసిరింది. ఆ గాలికి హాయిగా నిద్ర పట్టేసింది. లేచేసరికి నాలుగున్నర. ఫైలు లేదు. ఆశని అడిగితే 'నాకు తెలియదండి టీచర్ గారూ' అంది."

శ్యామ్ పెన్ను ఆగింది. "విసనకర్ర అంతకుముందు ఎప్పుడైనా విసిరిందా?"

"లేదు. అప్పుడే నేర్చుకుందనుకున్నాను." దానమ్మ గొంతు తగ్గించి అన్నారు. "ఇంకోటి కూడా ఉందిరా. చెబితే నువ్వు కూడా నాకు మతి పోయిందనుకుంటావని నిన్న చెప్పలేదు. ఆ రోజు అది చదువుతూ చదువుతూ మధ్యలో ఊపిరి పీల్చుకుంది."

"అంటే?"

"రోజూ గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది, యంత్రం కదా. మంగళవారం మాత్రం నాలుగు లైన్లకోసారి ఆగింది. గొంతు అదే, పలుకు అదే. ఊపిరొక్కటే కొత్తది."

శ్యామ్ లేచాడు. వీరాయమ్మ గుమ్మం దగ్గర నిలబడి చీరకొంగుతో చేతులు తుడుచుకుంటోంది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి.

"బొమ్మ ముందు పెట్టిన కాఫీ సాయంత్రం ఏం చేస్తావు వీరాయమ్మా?"

"కరేపాకు మొక్కలో పోసేస్తానండి. చల్లారిపోయింది తాగకూడదంటారండి టీచర్ గారు."

"మంగళవారం సాయంత్రం పోశావా?"

వీరాయమ్మ ముఖం చిట్లించింది. "లేదండి. పెళ్ళినించి వచ్చేసరికి ఆరయ్యిందండి. కుర్చీ పక్కన గ్లాసే లేదండి. ఫైలు పోయిందన్న హడావిడిలో నేనూ అడగలేదండి."

"గ్లాసు ఎక్కడుంది మరి?"

"పెరట్లో పిట్టగోడ మీద. ఎవరూ ఏదీ కదపొద్దన్నారని అలాగే ఉంచేనండి, ఆయ్."

పెరట్లోకి వెళ్ళారు. వంటింటి తలుపు గడియ బయటి నుంచి కూడా తీయొచ్చు, ఆ గుట్టు నిన్నే బయటపడింది. తలుపు ముందు నుంచి సందులోకి రెండు వరసల టైరు గుర్తులు, ఆటోకన్నా వెడల్పు, లారీకన్నా ఇరుకు. కంపెనీ సర్వీసు వ్యానుకి సరిపోతాయి. పిట్టగోడ చివర, ఇంట్లో వాళ్ళ చేతికి అందనంత దూరంగా, స్టీలు గ్లాసు. కడిగి ఉంది. బోర్లించి ఉంది.

శ్యామ్ దాన్ని ముట్టుకోలేదు. అలా చూస్తూ నిలబడ్డాడు. దొంగతనానికి వచ్చిన మనిషి గ్లాసు కడిగితే వేలిముద్రలు పోవాలని కడుగుతుంది. సింకులో కడిగి సింకులోనే వదిలేస్తుంది. పెరడంతా దాటి వచ్చి గోడ చివర బోర్లించే అవసరం ఏమిటి?

లోపలికి వచ్చి చెప్పాడు. దానమ్మ కుర్చీలో ముందుకి వంగారు.

"బోర్లించి ఉందా? గోడ చివరా?"

"ఆయ్, టీచర్ గారూ."

"మా నాన్న పాలేరుతనం చేసిన ఇంట్లో కాఫీ పోసేవారురా. తాగేక మన గ్లాసు మనమే కడిగి, గోడ చివర బోర్లించి రావాలి. వాళ్ళ గ్లాసులకి తగలకూడదు. ఏడేళ్ళ పిల్లని, నేనూ బోర్లించేను. ఉద్యోగం వచ్చిన రోజునే ఒట్టు పెట్టుకున్నాను, నా ఇంటికొచ్చిన మనిషి ఎవరైనా సరే, తాగిన గ్లాసు కడగకూడదని. క్లాసులో మీకందరికీ చెప్పేదాన్ని కాదూ?"

"చెప్పేవారండి. ఎవరింట్లోనైనా సరే తాగిన గ్లాసు కడగొద్దు, తలెత్తుకుని ఇచ్చెయ్యండి అనేవారు."

"కొంతమందికి ఎంత చెప్పినా ఆ భయం చేతుల్లోంచి పోదురా."

శ్యామ్‌కి గుండెలో సన్నగా ముల్లు దిగినట్టయింది. అది ఏ ముల్లో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించదలచుకోలేదంటే నిజం చెప్పినట్టు. నోటుబుక్కులో మాత్రం రాసుకున్నాడు: 'మనిషి. ఆడమనిషి. ఈ చుట్టుపక్కల మనిషి. ఇచ్చిన కాఫీ వదిలేస్తే తప్పని తాగింది. తాగాక కడిగింది.'

బయట కారు ఆగిన చప్పుడైంది. పన్నెండు అయిదు.

భాస్కర్ లోపలికి వస్తూనే ఎ.సి. గదిలోకి వచ్చినవాడిలా కాలరు సర్దుకున్నాడు. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్, శ్యామ్‌కి పై ఆఫీసర్. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగం వదిలారు. భాస్కర్ వదిలి గంగాధరరావు దగ్గర సెక్యూరిటీ అధికారి అయ్యాడు. శ్యామ్ వదిలి ఏమీ కాలేదు.

"ఏమయ్యా శ్యామ్, తేలిందా? టీచరమ్మ గారికి నమస్కారం."

"తేలిందండి. మంగళవారం మధ్యాహ్నం ఈ కుర్చీలో కూర్చున్నది బొమ్మ కాదు."

"మరి?"

"మీ సర్వీసు వ్యాను వంటింటి వైపు వచ్చింది. బొమ్మని అందులోకి ఎక్కించి వ్యాను బ్యాటరీకి తగిలించేరు. అందుకే మీ కాగితంలో చార్జింగ్ అని పడింది, అది నిజమే. ఇక్కడ అదే చీర కట్టించి, అదే గొంతున్న మనిషిని కూర్చోబెట్టేరు."

భాస్కర్ పకపకా నవ్వాడు. "సినిమాలు ఎక్కువ చూస్తున్నావయ్యా."

"సినిమాల్లో బొమ్మ మనిషిలా నటిస్తుందండి. ఇక్కడ మనిషి బొమ్మలా నటించింది. కాఫీ దగ్గర దొరికిపోయింది."

"కాఫీ!" భాస్కర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కమిటీ ముందు చెప్పు, కడుపుబ్బా నవ్వుకుంటారు. కాగితం కావాలయ్యా, కాగితం. ఇంకేముంది నీ దగ్గర? కరెంటు పోయిందంటావా? బొమ్మ ఇంట్లోనే ఉంటే కరెంటు లేకుండా ఎలా చార్జయిందంటావా?" చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి బల్లమీద పరిచాడు. "లైన్‌మన్ జయప్రకాష్ సంతకం. మంగళవారం ఈ వీధిలో లైను ఆపలేదు. కొబ్బరి మట్టలు కొట్టడానికి ఆపింది సోమవారం. చదువుకో."

శ్యామ్ కాగితం చదివాడు. కింద సంతకం, తేదీ, వేళ కూడా ఉన్నాయి. ఇవాళ, ఉదయం తొమ్మిది గంటలు. ఆ వేళ మళ్ళీ చదివాడు.

దానమ్మ కుర్చీలోంచి అన్నారు. "అబద్ధం. మంగళవారమే ఆగింది."

"మీకేం తెలుసమ్మా, సోమవారమేదో మంగళవారమేదో." భాస్కర్ గొంతులో జాలి నటించాడు. "మనిషి కూర్చుందంటున్నావు కదయ్యా శ్యామ్. ఏ మనిషి? పేరు చెప్పు. ఆ మనిషిని తీసుకొచ్చి కమిటీ ముందు నిలబెట్టు, నేను నోరు మూసుకుంటాను. లేదంటే మూడు దాటేసరికి ఈవిడకి మతి సరిగ్గా లేదని రాసేస్తారు. ఆ తర్వాత ఈవిడ సంతకం పోస్టాఫీసులో కూడా చెల్లదు."

శ్యామ్ వినడం లేదు. తొమ్మిది గంటలన్న అంకెనే చూస్తున్నాడు.

"జయప్రకాష్ పేరు మీకెవరు చెప్పేరండి?"

"పోలీసు బుర్రయ్యా. నువ్వు ఎటు పోతావో నాకు తెలియదా?"

"ఈ లైను మీద ముగ్గురు పనిచేస్తారు. ఆ రోజు వచ్చింది జయప్రకాష్ అని నిన్న రాత్రి సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. అతన్ని ఇంకా కలవనేలేదు. ఇక్కణ్ణుంచి వెళ్ళి కలుద్దామనుకున్నాను. ఆ పేరు నేను పైకి అన్నది ఒకే ఒక్కసారి. పొద్దున్న ఎనిమిదింటికి."

ఎవరితో అన్నాడో ఆ మాట నాలిక చివరికి వచ్చి ఆగిపోయింది. ఎనిమిదింటికి ఇంట్లో ఇడ్లీ తింటున్నాడు. చెల్లెలు మెర్సీ కొబ్బరి పచ్చడి వడ్డిస్తోంది. 'జయప్రకాష్ చేత రాయిస్తే చాలు మెర్సీ, టీచర్ గారు గట్టెక్కేస్తారు' అన్నాడు. 'ఆయ్ అన్నయ్యా, ఇంకో రెండు వేసుకో' అంది. మొగుడు పాపారావు కువైట్‌లో ఇరుక్కుపోయి ఆరేళ్ళు. అప్పట్నుంచీ మెర్సీ అన్న దగ్గరే ఉంటోంది. రోజూ రాత్రి కేసుల కబుర్లన్నీ చెల్లెలికే చెప్పుకుంటాడు. ఎంత బాగా వింటుందో!

దానమ్మ గారు బొమ్మకి చెప్పుకున్నట్టే తనూ చెప్పుకున్నాడు.

పెళ్ళిళ్ళకెళ్ళినా, చుట్టాలింటికెళ్ళినా మెర్సీ తాగిన గ్లాసు కడిగి ఓ మూల బోర్లించి వస్తుంది. నాయనమ్మ నేర్పిన అలవాటు. 'సిగ్గు లేదే నీకు, వదిలెయ్' అని ఎన్నిసార్లు కసిరాడో లెక్కలేదు. నవ్వి ఊరుకునేది. పోయినేడు అమలాపురంలో ఎవరో గుడ్డివాళ్ళకి పాఠాలు రికార్డు చేయాలన్నారని నలభై రోజులు వెళ్ళొచ్చింది. భుజాల మీద కొత్త శాలువా కప్పి పంపారని మురిసిపోయింది కూడా.

కాదు. కాకూడదు. కాదని ఇప్పుడే తేలిపోవాలి. ఫోన్ తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్లమీద ఉంచాడు.

భాస్కర్ ముఖంలో నవ్వు తగ్గింది. "ఇప్పుడు ఫోనెందుకయ్యా?"

"అన్నయ్యా!" మెర్సీ గొంతు గదంతా నిండింది. "ఎక్కడున్నావు? చేపల పులుసు పెట్టేను, చల్లారిపోతోంది. ఎండన పడి తిరక్కు, వచ్చి తినేసి వెళ్ళు."

దానమ్మ తల చటుక్కున తిరిగింది. పేము కుర్చీ వైపు కాదు, ఫోను వైపు.

"ఆశా?"

పెద్దావిడ చెవి ఒగ్గి ఇంకో క్షణం విన్నారు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపారు.

"ఆశ కాదు. ఊపిరి తీసుకుంటోంది. మంగళవారం నాకు విసిరిన పిల్ల ఇదేరా శ్యామ్. ఎవరమ్మా నువ్వు?"

ఫోన్లోంచి సన్నగా, "టీచర్ గారున్నారా అక్కడ?"

శ్యామ్ ఫోను మీదికి వంగాడు. "ఎందుకు చేశావే?" అన్నాడు.

"పాఠాలకనే నా గొంతు తీసుకున్నారన్నయ్యా, బొమ్మకని నాకు తెలీదు." మెర్సీ వెక్కుతోంది. "పోయిన నెల భాస్కర్ గారు వచ్చేరు. మా ఆయన మీద కువైట్‌లో పెట్టిన దొంగతనం కేసు తీయించి, పాస్‌పోర్టు ఇప్పించి పంపేస్తామన్నారు. ఆరేళ్ళన్నయ్యా! నువ్వూ తిరిగేవు, కాళ్ళరిగేలా తిరిగేవు, ఏమైంది? గంట సేపు కూర్చుని లేచొస్తే చాలన్నారు. రేపు పొద్దున్నే ఆయన విమానం ఎక్కుతున్నారు. ఒక్క రోజు ఆగన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క రోజు."

"నా పక్కన కూర్చుని, నా చేత చెప్పించుకుని, వాళ్ళకి చెప్పేవా?"

ఏడుపే జవాబు.

దానమ్మ అడిగారు. "ఫైలు ఏం చేశావమ్మా?"

"ఇవ్వలేదండి టీచర్ గారూ. విమానం ఎక్కేకే ఇస్తానన్నాను. నమ్మించి మోసం చేస్తారేమోనని నా దగ్గరే దాచుకున్నానండి. బియ్యం డ్రమ్ములో ఉంది."

బియ్యం డ్రమ్ము! రాజోలు, మామిడికుదురు, అమలాపురం, నిన్నటి నుంచీ కుక్కలా తిరిగాడు. రాత్రి ఇంటికొచ్చి ఆ డ్రమ్ములో బియ్యం వండిన అన్నమే తిన్నాడు. శ్యామ్‌కి కోపం, ఏడుపు, నవ్వు అన్నీ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఊళ్ళో దొంగల్ని పట్టుకునే మొనగాడు, ఇంట్లో అన్నం పెట్టే చేతిని చూసుకోలేకపోయాడు.

"మెర్సీ..." దానమ్మ ఆ పేరుని వెతికి పట్టుకున్నట్టు పలికారు. "మూడో బెంచీలో కూర్చునే మెర్సీవా? రెండు జడలు?"

"ఆయ్, టీచర్ గారూ."

"గ్లాసు కడగొద్దని నీకు కూడా చెప్పేను కదే."

అటువైపు ఏడుపు కట్టలు తెంచుకుంది. దానమ్మ ఇటు తిరిగి, "పేరు రాశావా శ్యామ్?" అన్నారు.

శ్యామ్ పెన్ను తీశాడు. 'మనిషి. ఆడమనిషి. ఈ చుట్టుపక్కల మనిషి' అని రాసుకున్న చోట, దాని కింద, చెల్లెలి పేరు రాశాడు. రెండు అక్షరాలు రాయడానికి ఎంతసేపు పట్టిందో అతనికే తెలియదు. రాసి తలెత్తితే ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

"భాస్కర్ గారేరి?"

"డ్రమ్ము అనగానే లేచి, ఫోను చెవిన పెట్టుకుని బయటికెళ్ళిపోయేరండి!" వీరాయమ్మ గుమ్మంలోంచి అరిచింది. వీధిలో కారు ఇంకా అక్కడే ఉంది. భాస్కర్ దానికి ఆనుకుని, ఫోను జేబులో పెట్టుకుంటూ, తాపీగా ఇటే చూస్తున్నాడు. పరుగెత్తాల్సిన అవసరమే లేనట్టుంది అతని వాలకం.

తాటిపాకలో, శ్యామ్ ఇంటి దగ్గర, అతని మనిషి ముందునుంచే ఉన్నాడు.

"మెర్సీ! తలుపు గడియ పెట్టు! ఎవరొచ్చినా తియ్యొద్దు!"

ఫోన్లోంచి మెర్సీ మాట రాలేదు. దూరంగా, వీధి తలుపు కొట్టిన చప్పుడు వచ్చింది. మర్యాదగా, రెండుసార్లు. ఎవరో మగమనిషి గొంతు వినిపించింది.

"అమ్మా, ఎండ మండిపోతోందండి. కాసిని మంచినీళ్ళిప్పిస్తారా?"

"మెర్సీ! వినబడుతోందా? మెర్సీ!"

"ఆయ్, వస్తన్నానండి." ముక్కు ఎగబీల్చుకుంటూ, అలవాటు కొద్దీ అనేసింది మెర్సీ. ఫోను గట్టు మీద పెట్టేసినట్టుంది. బిందెలో గ్లాసు ముంచిన చప్పుడు, అడుగుల చప్పుడు, గడియ తీసిన చప్పుడు వరసగా వినిపించాయి.

ఆ తర్వాత స్టీలు గ్లాసు గచ్చు మీద పడి, చాలా దూరం దొర్లుకుంటూ పోయింది.